విడిది ఇంటి తలుపు, అతిథి గడువు: స్మార్ట్ తాళముల వివాదముపై ఒక సమీక్ష

యజమాని నివసింపని ఇంటిని రెండు మూడు దినములకొక క్రొత్త కుటుంబమునకు అద్దెకిచ్చు వ్యాపారము దేశదేశములకు వ్యాపించిన పిమ్మట, ఆ ఇంటి తలుపు తెరచు అధికారమును అతిథికి ఎట్లు అందింపవలెను, ఏ క్షణమున ఉపసంహరింపవలెను, అతని రాకపోకల లెక్క ఎవరియొద్ద నుండవలెను అను ప్రశ్నలు, చూపునకు స్వల్పములుగనే యున్నను, తాళముల తయారీదారులను, గృహయజమానులను, పోలీసు శాఖలను, తుదకు న్యాయస్థానములను గూడ తమ వాదములోనికి లాగికొన్నవి. ఈ వాదము చిక్కుపడుటకు ముఖ్యకారణము, పాల్గొనువారందరును ఒకే ప్రశ్నకు సమాధానము చెప్పుచున్నట్లు కన్పట్టుచు, వాస్తవమున వేర్వేరు ప్రశ్నలకు సమాధానములు చెప్పుచుండుటయే. తాళమును దొంగ ఛేదింపగలడా అని ఒకరు విచారించుచుండ, అర్ధరాత్రి దిగిన అతిథి బయట నిలిచిపోవునా అని వేరొకరు చింతించుచున్నారు. లోపలికి వచ్చినవాడు బుక్ చేసికొన్నవాడేనా అని ప్రభుత్వము అడుగుచుండ, తాను ఎన్ని గంటలకు బయటికి పోయి ఎన్ని గంటలకు వచ్చెనో యజమానికెందుకు తెలియవలెనని అతిథి అడుగుచున్నాడు.

ఈ నాలుగింటిలో ఏదియు త్రోసివేయదగినది కాదు. అయినను, ప్రవేశాధికారము నిచ్చుట యందు చూపబడుచున్న శ్రద్ధలో సగమైనను దానిని ముగించుట యందు చూపబడుటలేదని ఈ సమీక్షలో మున్ముందు తెలియగలదు.

పూర్వకథ

తాళముల లోపములను బహిరంగముగ చర్చించుట తగునా అను వాదము 1851 నాటి లండన్ మహాప్రదర్శనమునందే రేగినది. అమెరికా నుండి వచ్చిన ఆల్ఫ్రెడ్ చార్లెస్ హాబ్స్, అభేద్యమని పేరుగాంచిన చబ్ తాళమును అర్ధగంట లోపలనే తెరచి చూపెను. బ్రామా సంస్థవారు 1790 నుండి 200 గినీల పందెముతో తమ దుకాణపు కిటికీలో నుంచిన తాళమును, పదునారు దినములలో ఏబది గంటలకు పైగా శ్రమించి తెరచెను. దొంగలెరిగిన సంగతిని యజమానులు ఎరుగకుండుటవలన ఎవరికిని మేలు లేదని ఆయన వాదించెను. నేటి ఎలక్ట్రానిక్ తాళముల పరిశోధకులును తమ పరిశోధనలను వెల్లడించునప్పుడు ఇంచుమించుగా ఈ వాదమునే ఆశ్రయించుచున్నారు. 1861లో లైనస్ యేల్ పేటెంటు పొందిన, చిన్న సూదులతో పనిచేయు తాళము ఇంటింటికి చేరినది. నేటికిని మన తలుపులలో అధికభాగము దాని సంతతియే. కాని అట్టి తాళపుచెవికి గడువనునది లేదు. ఒకసారి చేతికిచ్చిన చెవికి బజారులో పది నిమిషములలో మారుచెవి చేయింపవచ్చును; ఇచ్చిన చెవి తిరిగి వచ్చినను, అధికారము తిరిగి వచ్చినదని చెప్పుటకు వీలులేదు.

ఈ చిక్కును హోటళ్లు ముందుగా ఎదుర్కొన్నవి. 1974లో న్యూయార్క్ రాష్ట్రమందలి ఒక మోటెలులో ప్రఖ్యాత గాయని యొకతెపై జరిగిన దాడియు, గదికి తగిన భద్రత లేదని ఆమె యాజమాన్యముపై వేసి గెలిచిన దావాయు ఆ పరిశ్రమను కలవరపెట్టినవి. ఆ దశకముననే నార్వే దేశస్థుడగు తోర్ సోర్నెస్, 32 రంధ్రస్థానముల కూర్పుతో పనిచేయు ప్లాస్టిక్ కార్డు తాళమును రూపొందించెను. అతిథి మారినప్పుడెల్ల కూర్పును మార్చి, పాత కార్డును చెల్లకుండ చేయగలుగుటయే అందలి విశేషము. తరువాత వచ్చిన అయస్కాంతపు కార్డులు, రేడియో కార్డులు ఇంకొక అడుగు ముందుకు వేసినవి: క్రొత్త అతిథి కార్డును తాళమునకు చూపినంతనే పాత అతిథి కార్డు, ఏ వైరు సంబంధము గాని ఇంటర్నెట్ గాని లేకయే, తనంత తాను రద్దగును. ఈ సూక్ష్మమును పాఠకులు జ్ఞప్తియందుంచుకొనవలెను. విడిది ఇండ్ల తాళములలో పెక్కింటికి ఈ గుణము రాలేదు.

హోటలులో రిసెప్షన్ బల్ల యుండును, రాత్రియు పగలును మనిషి యుండును. 1995లో వెలసిన వీఆర్‌బీఓ, 2008లో వెలసిన ఎయిర్‌బీఎన్‌బీ వంటి సంస్థలు పెంచిన వ్యాపారమున అట్టి బల్లయు లేదు, మనిషియు లేడు. పూలకుండీ క్రింద చెవి పెట్టుట, పొరుగింటివారి కిచ్చిపోవుట, గోడకు అంకెల చిన్నపెట్టె బిగించి అందులో చెవి నుంచుట అను ఉపాయములతో కొంతకాలము గడచినది. 2013లో ఆగస్ట్ అను సంస్థ, ఉన్న తాళమునకే లోపలివైపు బిగించి ఫోనుతో తెరచు సాధనమును ప్రకటించెను. 2017లో స్వీడన్‌కు చెందిన తాళముల మహాసంస్థ అస్సా అబ్లాయ్ దానిని కొనివేసెను. పాత తాళపు వర్తకులకు క్రొత్త వర్తకము అక్కరకు వచ్చునని తేలిపోయినది.

గడువు ఎచ్చట నివసించును?

అతిథికి ప్రవేశాధికారము నందించు పద్ధతులు నేడు స్థూలముగ మూడు. వీని భేదము తెలియనిదే వాదములు తెలియవు గావున కొంత విస్తరించి చెప్పవలసియున్నది.

మొదటి పద్ధతిలో, బుకింగ్ స్థిరపడినంతనే యజమాని వాడుచున్న సాఫ్ట్‌వేర్ ఒక కోడ్‌ను కల్పించి, వైఫై ద్వారా గాని, జెడ్‌వేవ్, జిగ్‌బీ వంటి రేడియో మార్గములతో ఇంటిలోని హబ్ ద్వారా గాని తాళమునకు పంపును. అతిథి తలుపుమీది కీప్యాడ్‌పై ఆ అంకెలను నొక్కి లోపలికి పోవును. రెండవ పద్ధతిలో తాళమునకు ఇంటర్నెట్ అక్కరలేదు. తాళములోను, తయారీదారుని సర్వరులోను ఒకే రహస్యసంఖ్యయు, సరిచేయబడిన గడియారమును ఉండును. సర్వరు ఆ రెండింటిని, గడువుయొక్క ఆద్యంతములను కలిపి గణించి కోడ్ నిచ్చును. తాళము తనంత తాను అదే గణితమును చేసి దానిని గుర్తించును. మూడవ పద్ధతిలో అతిథి ఫోనే తాళపుచెవి. బ్లూటూత్ ద్వారా యాప్ తలుపు తెరచును.

మూడవదానిని విడిది ఇండ్లవారు అంతగా ఆదరింపలేదు. రెండు దినముల బసకై యాప్ దింపుకొని, ఖాతా తెరచి, అనుమతులన్నియు నిచ్చుటకు అతిథులు విసుగుచెందుట సహజము. ఫోను చార్జి అయిపోయినవాని సంగతి చెప్పనక్కరలేదు.

మొదటి పద్ధతియే విస్తారముగ వాడుకలో నున్నది, కాని అందులో పైకి కనబడని ఒక భేదము కలదు. కొన్ని తాళములు కోడ్‌తోపాటు దాని ఆరంభ సమయమును, అంత్య సమయమును తమ జ్ఞాపకములోనే నిలుపుకొని, తమ గడియారమును బట్టి దానిని చెల్లించును, చెల్లకుండ జేయును. మరికొన్నింటికి గడువు సంగతియే తెలియదు. చెక్‌అవుట్ వేళకు సర్వరు నుండి కోడ్‌ను తుడిచివేయుమను ఆజ్ఞ వచ్చినప్పుడే అవి దానిని మరచిపోవును. ఇంటర్నెట్ చక్కగా నున్నంతకాలము ఈ రెండింటికిని తేడా తెలియదు. అది తెగినప్పుడు తెలియవలెను, కాని అప్పుడును ఎల్లప్పుడు తెలియదు: చెక్‌ఇన్ వేళ సంబంధము తెగినచో, కోడ్ పనిచేయక అతిథి వెంటనే ఫోను చేయును గావున లోపము బయటపడును, చెక్‌అవుట్ వేళ తెగినచో, నిన్నటి అతిథి కోడ్ నేటి అతిథి నిద్రించుచున్న యింటికిని చెల్లుచునే యుండును, ఎవరును ఫోను చేయరు. మొదటి లోపము యజమానికి చెడ్డ రివ్యూ తెచ్చును గాన దానికి మందు త్వరగా దొరకినది. రెండవదానిని వర్తక ప్రకటనలు ప్రస్తావింపవు.

రెండవ పద్ధతి, అనగా గణితముచే పుట్టు కోడ్, ఈ దోషమునుండి తప్పించుకొన్నది. గడువు కోడ్‌లోనే యిమిడియుండుటచేత అది ఎవరి ఆజ్ఞకును ఎదురుచూడక చచ్చిపోవును. కాని బుకింగ్ నడుమ రద్దయినప్పుడు, ఇచ్చివేసిన కోడ్‌ను దూరమునుండి వెనుకకు తీసికొనుట అంత సులభము గాదు. గడియారము తప్పినచో సమస్తమును తప్పును.

కోడ్‌ల సంఖ్యాస్వరూపము గూర్చియు ఒక చిన్న వివాదము కలదు. అతిథి ఫోను నంబరులోని తుది నాలుగంకెలనే కోడ్‌గా నిచ్చుట పెక్కుచోట్ల ఆచారము. జ్ఞాపకముంచుకొనుట సులభమని కొందరు దానిని మెచ్చుచుండ, నాలుగంకెలకు పదివేల కూర్పులు మాత్రమే యుండగా, అందును బంధుమిత్రులకెల్ల తెలిసిన నంబరును వాడుట తగదని కొందరు ఆక్షేపించుచున్నారు. తప్పు కోడ్ పలుమార్లు నొక్కినచో కొంతసేపు మొరాయించు తాళమునకు నాలుగంకెలు చాలునని మా అభిప్రాయము. పనిమనుషులకు, ప్లంబరుకు, మేనేజరుకు ఏండ్ల తరబడి ఒకే కోడ్ నిచ్చి మరచుట ఇంతకంటె పెద్ద ప్రమాదము.

వైఫల్యముల చరిత్ర నేర్పినది

విమర్శకులు ముఖ్యముగ మూడు ఘట్టములను ఉదాహరింతురు. 2012లో కోడీ బ్రోషియస్ అను పరిశోధకుడు, హోటళ్లలో నలుబది లక్షలకు పైగా తలుపులపై నున్న ఆనిటీ తాళములను, ఏబది డాలర్లకు లోబడిన పరికరముతో తెరువవచ్చునని బ్లాక్ హ్యాట్ అను కంప్యూటరు భద్రతా సభలో చూపెను. ఆ సంవత్సరమే హ్యూస్టన్ నగరపు హోటలులో ఆ ఉపాయముతో దొంగతనములు జరిగినవి. 2016లో అట్టిదే యగు డెఫ్ కాన్ సభలో ఇద్దరు పరిశోధకులు తాము పరీక్షించిన 16 బ్లూటూత్ తాళములలో 12 తెరచుకొన్నవని తెలిపిరి. 2024 మార్చిలో హోటళ్లలో వాడు సాఫ్లాక్ తాళముల లోపము వెల్లడియైనది. 131 దేశములలో ముప్పది లక్షల తలుపులు దానికి లోబడియుండెను. పరిశోధకులు 2022లోనే తయారీదారునకు తెలిపినను, వెల్లడియగు నాటికి మూడవవంతు తలుపులు మాత్రమే బాగుచేయబడినవి. తలుపు తలుపునకు మనిషి పోయి సరిచేయవలసిన వస్తువులో లోపము కనుగొనుటకు, తొలగించుటకు నడుమ ఎంత కాలము పట్టునో దీనివలన తెలియుచున్నది.

అయితే విడిది ఇండ్ల చరిత్రలో ఎక్కువగా చెప్పుకొనబడు ఘట్టమునందు దొంగయే లేడు. 2017 ఆగస్టులో లాక్‌స్టేట్ సంస్థ ఒక నమూనా తాళములకు ఉద్దేశించిన ఫర్మ్‌వేరును పొరపాటున వేరొక నమూనా తాళములకు ఇంటర్నెట్ ద్వారా పంపెను. సుమారు ఐదువందల తాళములు, వానిలో రమారమి రెండువందలు ఎయిర్‌బీఎన్‌బీ యజమానులవి, కోడ్‌లను గుర్తించుట మానివేసినవి. తాళపు వెనుకభాగమును సంస్థకు పంపి వారము దినములు వేచియుండుటయో, రెండు వారములకు పైబడి క్రొత్తదానికై వేచియుండుటయో యజమానులకు మిగిలిన మార్గములు. శత్రువు చేయలేని పనిని సంరక్షకుడు చేసినాడు.

నిత్యజీవితమున ఇంతకంటె సామాన్యమగు వైఫల్యము బ్యాటరీది. నాలుగు చిన్న బ్యాటరీలతో నడచు ఈ తాళములలో ఆల్కలైన్ బ్యాటరీలే వాడుమని పెక్కు తయారీదారులు చెప్పుదురు. లిథియం బ్యాటరీ తుదిదాక నిండు వోల్టేజి చూపి ఒక్కసారిగ పడిపోవును గావున, హెచ్చరిక వచ్చునప్పటికి వ్యవధి యుండదు. వానకాలమున ఉబ్బిన కొయ్య తలుపు చట్రమునకు ఒరసికొని గడియ సాగక మోటారు శ్రమపడినచో, బ్యాటరీ ఇంకను త్వరగా హరించును. తలుపును సరిచేయవలసిన వడ్రంగిని పిలువక తాళమును నిందించువారు పెక్కుమంది.

మూడు పక్షములు

ఈ నేపథ్యమున వాదులను మూడు పక్షములుగ చూడవచ్చును.

స్వయంచాలక పక్షమువారు, బుకింగ్, కోడ్, సందేశము, రద్దు అన్నియు మనిషి ప్రమేయము లేకయే జరుగవలెనందురు. ఎయిర్‌బీఎన్‌బీ సంస్థ అమెరికా, కెనడాలలో ఆగస్ట్, ష్లేగ్, యేల్ తాళములను తన బుకింగ్ వ్యవస్థకే అనుసంధించి, ప్రతి అతిథికి వేరుకోడ్ వచ్చునట్లు చేయుట వీరి వాదమునకు బలమిచ్చినది. మనుషులు మరచుదురు, యంత్రము మరువదని వీరి ప్రధాన హేతువు. పాత కోడ్‌ను మార్చుట మరచిన యజమానులెందరో తలచుకొన్నచో ఇది తేలికగా కొట్టివేయదగినది గాదు. అయితే బుకింగ్ క్యాలెండరు తాళమునకు చేరులోపల అనేక హస్తములు మారును. క్యాలెండరును కొన్ని గంటలకొకసారి మాత్రమే సరిచూచుకొను పాత అనుసంధానములలో, సాయంకాలము బుక్ చేసి రాత్రికే వచ్చు అతిథి యంత్రముకంటె ముందుగా తలుపు చేరును. తాళము ఒక కాలమండలమునకు, బుకింగ్ వేరొక కాలమండలమునకు అమరినచో, మధ్యాహ్నము మూడింటికి మొదలు కావలసిన కోడ్ రాత్రికి గాని మొదలు కాదు.

సరళ పక్షమువారు, తలుపునకు ఇంటర్నెట్ ఎందుకని ప్రశ్నింతురు. యాంత్రికమగు కీప్యాడ్, గోడకు బిగించిన చెవిపెట్టె, అతిథి పోయిన పిదప పనిమనిషి మార్చు అంకెలు, ఇవి చాలునని వీరి మతము. దూరమున నున్న సర్వరు చెడుటవలన గాని, సంస్థ మూతపడుటవలన గాని వీరి తలుపు బిగిసిపోదు. కాని అంకెలు మార్చువాడు మరచిననాడు వీరికి రక్షణయే లేదు. చెవిపెట్టెలోని చెవికి మారుచెవి చేయించుకొనుటను వీరు ఆపలేరు.

ప్రత్యక్ష స్వాగత పక్షమువారు, అపరిచితుని ఇంటిలోనికి అనుమతించునప్పుడు మనిషి మనిషిని చూడవలెనందురు. వీరిది కేవలము ఆతిథ్య మర్యాద కాదు. కోడ్ నొక్కినవాడెవడో తాళము ఎరుగదు. ఆరుగురికి బుక్ చేసి అరువదిమంది వచ్చినను అదే కోడ్ తెరచును. 2019 హాలోవీన్ రాత్రి కాలిఫోర్నియాలోని ఒరిండాలో అద్దె ఇంట జరిగిన విందులో కాల్పులకు ఐదుగురు మరణించిన పిదప ఈ వాదము గట్టిపడినది. 2020లో ఎయిర్‌బీఎన్‌బీ విధించిన విందుల నిషేధము 2022లో శాశ్వతమైనది.

పోల్చి చూచినచో, అధికారమును ముగించుటలో మొదటి పక్షము శీఘ్రమైనదియు సర్వరుపై ఆధారపడినదియు. రెండవది స్వతంత్రమైనదియు మనిషి జ్ఞాపకముపై ఆధారపడినదియు. మూడవది ప్రవేశమును గట్టిగా పరీక్షించును గాని నిష్క్రమణమును గూర్చి దాదాపు ఏమియు చెప్పదు. వ్యయమునందు మూడవదే అధికము, దూరదేశమున నివసించు యజమానికి అది ఇంచుమించు అసాధ్యము.

చట్టములు చెప్పినది

ఇటలీలో ఈ వివాదము వీధికెక్కినది. 1931 నాటి ప్రజాభద్రతా శాసనములోని 109వ అధికరణము, బసనిచ్చువారు అతిథి వివరములను 24 గంటలలోపల పోలీసులకు తెలుపవలెనని విధించుచున్నది. 2025 జూబిలీ యాత్రికులు రోముకు రానున్న తరుణమున, 2024 నవంబరులో ఆ దేశపు హోంశాఖ, అతిథిని ప్రత్యక్షముగ చూచి గుర్తింపవలెనని సర్క్యులరు జారీచేసెను. చెవిపెట్టెలు నగరమును స్థానికులకు కాకుండ చేయుచున్నవని ఆగ్రహించిన ఉద్యమకారులు రోములో వానిని కత్తిరించిరి, ఫ్లారెన్సులో వానిపై ఎర్రని పట్టీలు అంటించిరి. 2025 మేలో లాట్సియో పరిపాలనా న్యాయస్థానము సర్క్యులరును రద్దుచేసినది. ఆ నవంబరులో పై న్యాయస్థానము దానిని తిరిగి నిలబెట్టి, అతిథిని అప్పటికప్పుడు చూచుట వీడియో ద్వారా కూడ కావచ్చునని పేర్కొనినది. అనగా తాళముపై నిషేధము లేదు. కోడ్ నొక్కుచున్న ముఖమును ఎవరైనను చూడవలెనన్నదే నిలిచిన నియమము.

న్యూయార్క్ నగరమార్గము వేరు. 2023 సెప్టెంబరు 5 నుండి అమలైన అచ్చటి నిబంధనలలో, ముప్పది దినములకు లోబడిన అద్దెలకు యజమాని ఇంటనే యుండవలెను. అతిథులు ఇద్దరికి మించరాదు. లోపలి గదుల తలుపులు అతిథికి తాళము వేసియుండరాదు. ఆ నగరమున లోపలి తలుపుపై తాళము చట్టోల్లంఘనకు సాక్ష్యము. అదే నగరమున 2019లో హెల్స్ కిచెన్ ప్రాంతపు కొందరు అద్దెదారులు, తమ భవనమున కేవలము యాప్‌తో తెరచు తాళము పెట్టుటపై దావా వేసి, మామూలు తాళపుచెవి పొందు హక్కును రాజీలో సాధించుకొనిరి. 2021లో చేయబడిన నగర చట్టము, భవనములలో అట్టి ప్రవేశ సమాచారమును 90 దినములలో నాశనము చేయవలెనని విధించినది. కాని ఇది అద్దెదారులకు; మూడు దినముల అతిథికి ఇట్టి రక్షణము ఎచ్చటను స్పష్టముగ గన్పట్టదు.

తెలుగునాట

హైదరాబాదు గచ్చిబౌలి, కొండాపూర్ ప్రాంతములలోని ఫ్లాట్లను డాలస్‌లోనో లండన్‌లోనో నివసించు యజమానులు దినసరి అద్దెకిచ్చుట నేడు వింత కాదు. అయితే ఇచ్చట ఫ్లాటు తలుపు రెండవ తలుపు మాత్రమే. మొదటిది అపార్ట్‌మెంట్ గేటు. అచ్చట సెక్యూరిటీవారు పేరు వ్రాయించుకొందురు, యాప్‌లో అనుమతి అడుగుదురు, అసోసియేషన్ అభ్యంతరమున్నచో అచ్చటనే నిలుపుదురు. ఎంత చక్కని కోడ్ పంపినను, వాచ్‌మన్‌కు చెప్పుట మరచినచో అతిథి సామానుతో గేటు బయట నిలువవలసినదే. కరెంటు పోయినప్పుడు తాళము బ్యాటరీపై బ్రతుకును గాని, ఇన్వర్టరు లేని రౌటరు ఆగిపోవును. ముందు చెప్పిన ఆజ్ఞ వచ్చినప్పుడే మరచు తాళములకు ఇది నిత్యగండము. విశాఖ తీరమున ఉప్పుగాలి కీప్యాడ్ సంధులను తినివేయుట మరియొక చిక్కు.

గుర్తింపు విషయమున మన శాసనము ఇటలీ శాసనమును పోలియున్నది; విదేశీయుడు బసచేసిన 24 గంటలలోపల యజమాని అధికారులకు తెలుపవలెను. ఆచరణలో, స్వదేశీ అతిథుల ఆధార్ ఫోటో వాట్సాప్‌లో తెప్పించుకొని, అది ఫోనులో ఏండ్ల తరబడి పడియుండుట సామాన్యమైపోయినది. లైసెన్సు లేని సంస్థలకు ఆధార్ నకళ్లు ఇవ్వరాదని 2022 మేలో వెలువడిన ఒక హెచ్చరికను కేంద్రప్రభుత్వము రెండు దినములలోనే ఉపసంహరించుకొనుట, ఈ విషయమున అధికారులకే ఏకాభిప్రాయము లేదని తెలుపుచున్నది. 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టపు నియమములు 2025 నవంబరులో ప్రకటింపబడినవి. అవి పూర్తిగా అమలైననాడు, తలుపు తెరచిన వేళల పట్టికయు, అతిథి ఆధార్ చిత్రమును, పని తీరిన పిదప తుడిచివేయవలసిన సమాచారముగనే పరిగణింపబడుట న్యాయము.

తేలని సంగతులు

తాళపు లెక్క ఎవరిది అను ప్రశ్న అన్నింటికంటె అపరిష్కృతముగ నున్నది. ఎయిర్‌బీఎన్‌బీ 2024 ఏప్రిల్ 30 నుండి ఇంటిలోపలి కెమేరాలను నిషేధించెను. కాని ప్రతి తలుపు తెరపును నిమిషముతో సహా నమోదుచేయు తాళము, చిత్రము లేకయే, కెమేరా చెప్పగలిగిన దానిలో చాలభాగము చెప్పును. పనిమనిషి ఎన్ని గంటలకు వచ్చెనో తెలిసికొనుటకు యజమానికి హక్కున్నదని ఒప్పుకొన్నను, బసచేసిన దంపతులు రాత్రి ఎన్నిసార్లు బయటికి పోయిరో చూచుటకు హక్కున్నదని ఒప్పుకొనలేము. అతిథి కోడ్ మొదటిసారి వాడబడినదని మాత్రమే యజమానికి తెలిపి, తక్కినది దాచు తాళము సాంకేతికముగ కష్టము కాదు. కొనువారు అడుగలేదు గనుక చేయువారు చేయలేదు.

తయారీదారుని బాధ్యత ఎంతకాలమనునది రెండవది. ఐరోపా సమాఖ్యవారి సైబర్ రెసిలియన్స్ చట్టము స్మార్ట్ తలుపు తాళములను పేరుపెట్టి ముఖ్య వస్తువులలో చేర్చినది. దాని ప్రధాన విధులు 2027 డిసెంబరు 11 నుండి వర్తించును. అమ్మిన వస్తువునకు ఇన్ని ఏండ్లు భద్రతా మార్పులు పంపవలెనను నియమము అంతటితో ఐరోపాలో వచ్చును. మన బజారులో అమ్ముడగుచున్న చవుక తాళములకు అట్టి హామీ ఎవరును ఇచ్చుట లేదు.

ఏ పక్షము నవలంబించినను, తాళము కొనబోవు యజమాని చేయదగిన పరీక్ష ఒకటి కలదు. దానికి నిపుణుడు అక్కరలేదు. పది నిమిషముల గడువుతో ఒక కోడ్ కల్పించి, అది తలుపు తెరచుట చూచిన పిమ్మట ఇంటి రౌటరును ఆపివేసి, గడువు తీరనిచ్చి, అదే కోడ్‌ను మరల నొక్కవలెను. తలుపు తెరచుకొన్నచో ఆ తాళము స్వంత నివాసమునకు పనికివచ్చునేమో గాని, విడిది ఇంటికి పనికిరాదు.